అక్వేరియంలో క్లౌన్ చేప గుడ్ల నుంచి పిల్లలను పెంచడం ఎలా?

“గుడ్లు పెట్టాయి. రాత్రికి పిల్లలూ వచ్చాయి. మూడో రోజుకు తొట్టిలో ఒక్కటీ మిగల్లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?” సందర్శకుల అక్వేరియంలలో పనిచేసేవాళ్లు, అక్కడికి శిక్షణకు వెళ్లే ఫిషరీస్ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. జవాబు కూడా దాదాపు ప్రతిసారీ ఒకటే. పిల్లలు పుట్టేనాటికి వాటి నోటికి పట్టే మేత సిద్ధంగా లేదు. అందుకే ఈ వివరణ గుడ్లతో కాకుండా మేతతో మొదలవుతుంది. ఆ వరుస మార్చకండి.

ఇక్కడ చెప్పేది నారింజ రంగు ఒంటిపై మూడు తెల్ల పట్టీలుండే క్లౌన్ చేప (అంఫిప్రియాన్ ఒసెల్లారిస్) గురించి. మన దేశంలో ఇది అండమాన్ దీవుల చుట్టూ ఉండే చేప. సముద్రపు చేపల పెంపకం నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. గుడ్లను గట్టి ఉపరితలానికి అంటించి పెడుతుంది, మగ చేప కాపలా కాస్తుంది, పుట్టిన పిల్ల నోరు రోటిఫర్‌ను (నీటిలో ఈదే సూక్ష్మజీవిని) పట్టేంత పెద్దది. నీటిలో తేలే చిన్న గుడ్లు పెట్టే ఎల్లో టాంగ్ వంటి చేపల సంగతి వేరు. దాని పిల్లలను తొట్టిలో పెంచి పెద్దచేయడం హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్‌కు 2015లో గాని సాధ్యం కాలేదు. ముందు క్లౌన్‌తో చేయి తిరగనివ్వండి.

కావలసినవి

- 40 నుంచి 60 లీటర్ల గుండ్రని తొట్టి. పక్కలు నల్లగా ఉండాలి. గాజు తొట్టి అయితే బయటివైపు నల్ల కాగితం అంటించండి.
- ఎయిర్ పంపు, గాలిని సన్నగా తగ్గించగల వాల్వు, ఎయిర్ స్టోన్, గట్టి ప్లాస్టిక్ గొట్టం
- హీటరు, థర్మామీటరు, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు, అమోనియా, పీహెచ్ పరీక్ష కిట్లు
- రోటిఫర్ల మూల కల్చరు (పెంపకం మొదలుపెట్టడానికి తెచ్చుకునే సజీవ రోటిఫర్లు), వాటిని పెంచడానికి వేర్వేరు చోట్ల రెండు బకెట్లు
- నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ ఆల్గే (నాచు), సజీవంగా గాని, ఫ్రిజ్‌లో దాచే పేస్టుగా గాని
- ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి) గుడ్ల డబ్బా
- 50–60 మైక్రాన్ల జల్లెడ రోటిఫర్లకు, 120 మైక్రాన్లది ఆర్టీమియాకు
- సాధారణ మైక్రోస్కోపు, 1 మి.లీ. పిపెట్టు, చిన్న టార్చిలైటు, గాజు గిన్నెలు
- సన్నని సైఫన్ గొట్టం, తెల్ల బకెట్టు

ఆర్టీమియా కోసం దూరం పోనక్కర్లేదు. నెల్లూరు నుంచి భీమిలి వరకు తీరమంతా రొయ్యల హేచరీలు రోజూ వాడే సరుకే అది. ఆల్గే, రోటిఫర్ మూల కల్చర్ల కోసం విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గాని, దగ్గరి ఫిషరీస్ కాలేజీలో గాని ముందుగా అడిగి చూడండి. రామేశ్వరం దగ్గర మండపంలో ఉన్న అదే సంస్థ కేంద్రం క్లౌన్ చేపల పిల్లల ఉత్పత్తిపై ఏళ్లుగా పనిచేస్తోంది.

చేపలు పట్టే వల ఈ జాబితాలో లేదు. లార్వాలను, అంటే అప్పుడే పుట్టిన పిల్లలను, వలతో ఎత్తకూడదు. వలదారం తగిలితే వాటి చర్మం చిట్లుతుంది. ఎప్పుడు కదిలించినా నీటితో సహా గిన్నెలోకి ముంచుకోవాలి.

పని వరుస

1. రోటిఫర్లను కనీసం రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టండి.

20–25 లీటర్ల బకెట్లో 20–25 పీపీటీ (వెయ్యి పాళ్లకు ఇన్ని పాళ్ల ఉప్పు) ఉప్పదనం ఉన్న నీరు పోసి, గాలి పెట్టి, మూల కల్చరు కలపండి. నీరు లేత ఆకుపచ్చగా మారేంత ఆల్గే వేయండి. మర్నాటికి ఆ పచ్చదనం చాలావరకు తగ్గితే రోటిఫర్లు తింటున్నట్టు. ఉదయానికే నీరు తేటబడిపోతే మేత చాలడం లేదు. రెండు రోజులైనా రంగు మారకపోతే కల్చరు దెబ్బతింది.

లెక్క ఇలా చూడండి. పిపెట్టుతో 1 మి.లీ. తీసి, ఒక చుక్క అయోడిన్ వేస్తే రోటిఫర్లు కదలడం మానేస్తాయి. మైక్రోస్కోపు కింద లెక్కపెట్టండి. మూడుసార్లు తీసి సగటు కట్టండి. మి.లీ.కు 100 దాటాక రోజూ పావు వంతు నీటిని జల్లెడలో వడకట్టి వాడుకోవచ్చు. తీసినంత కొత్త నీరు పోయాలి.

అవసరం ఎంతో ముందే తెలుసుకోండి. 40 లీటర్ల తొట్టిలో మి.లీ.కు 10 చొప్పున అంటే 4 లక్షల రోటిఫర్లు. మి.లీ.కు 100 ఉన్న కల్చరైతే 4 లీటర్లు వడకట్టాలి. పాతిక లీటర్ల బకెట్ నుంచి ఇది రోజూ తీయగలిగిందే. మి.లీ.కు 30 మాత్రమే ఉంటే ఆ బకెట్‌లో సగానికి మించి ఒక్కపూటలో ఖాళీ అవుతుంది, మర్నాడు పెట్టడానికి ఏమీ ఉండదు.

రెండో బకెట్‌ను వేరే గదిలో ఉంచండి. కల్చరులో సిలియేట్లు (ఏకకణ జీవులు) పెరిగినా, కోపిపాడ్లు (రొయ్య జాతికి చెందిన అతిచిన్న జీవులు) చేరినా మొత్తం కుప్పకూలుతుంది. ఒకదాంట్లో ముంచిన మగ్గు ఇంకోదాంట్లో ముంచకండి. ఆల్గే పెంచే చోటికి రోటిఫర్ నీటి చుక్క కూడా పోకూడదు. ఒక్క రోటిఫర్ చేరితే చాలు, వారంలో ఆల్గే మాయం.

పేస్టు దొరక్కపోతే బేకరీ ఈస్టుతోనూ రోటిఫర్లు పెరుగుతాయి. నీరు త్వరగా పాడవుతుంది, పిల్లలకు కావలసిన కొవ్వు ఆమ్లాలు అందులో ఉండవు. ఈస్టు వాడక తప్పకపోతే పిల్లలకు వేసే ముందు కొన్ని గంటలైనా ఆల్గేలో ఉంచండి.

2. తల్లిదండ్రుల తొట్టిలో తీసి పెట్టగల పెంకును ఉంచండి.

ప్రదర్శన తొట్టిలో చేప గుడ్లను అద్దానికో, పెద్ద బండకో అంటించిందంటే మీ చేతిలో ఏమీ లేనట్టే. అవి తరచు తిరిగే చోట, సీ అనిమోన్ పక్కన, రంగు వేయని మట్టి పెంకును ఏటవాలుగా నిలబెట్టండి. బంగాళాపెంకు ముక్క చక్కగా సరిపోతుంది. సందర్శకులకు అది కనిపించకూడదనుకుంటే ముందు ఒక రాయి అడ్డం పెట్టండి.

జంటకు రొయ్య, స్క్విడ్, ఆల్చిప్ప మాంసం సన్నగా తరిగి రోజుకు రెండు మూడు సార్లు పెట్టండి. కుదురుకున్న జంట దాదాపు రెండు వారాలకొకసారి గుడ్లు పెడుతుంది. తేదీలు రాసి పెట్టుకుంటే తర్వాతి విడత ఎప్పుడో ముందే తెలుస్తుంది. మొదటి ఒకటి రెండు విడతలను తండ్రే తినేస్తే కంగారు పడకండి. కొత్త జంటల్లో అది మామూలే.

3. గుడ్ల రంగును రోజూ చూడండి.

పెట్టిన రోజు గుడ్లు నిండు నారింజ రంగులో ఉంటాయి. మూడు నాలుగు రోజులకు ముదురు గోధుమ రంగుకు తిరిగి, లోపల నల్లని కళ్లు కనిపిస్తాయి. 27–28 డిగ్రీల నీటిలో ఆరు, ఏడు రోజులకు ఆ కళ్లు వెండిలా మెరుస్తాయి. టార్చి పక్కనుంచి వేస్తే పెంకంతా చిన్న చిన్న మెరుపులు మీవైపు తిరిగి చూస్తున్నట్టుంటుంది. ఆ రాత్రికే పిల్లలు రావచ్చు. నీరు చల్లగా ఉంటే ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది.

తెల్లగా, మసకగా మారినవి చచ్చిన గుడ్లు. వాటిని తండ్రి ఏరేస్తుంది. రోజంతా రెక్కలతో నీటిని విసురుతూ గుడ్లకు గాలి అందించేదీ అదే. దాన్ని మించిన పొదుగు యంత్రం మీ దగ్గర లేదు కాబట్టి వెండి కళ్లు కనిపించేవరకు గుడ్లను తీయకండి. తొందరపడి రెండో రోజే తీస్తే బూజు పట్టి సగానికి పైగా పోతాయి.

ఈ దశలో ఒకసారి రోటిఫర్లను లెక్కపెట్టండి. చాలినన్ని లేకపోతే ఈ విడతను వదిలేయండి. రెండు వారాల్లో మరో విడత వస్తుంది. మేత లేకుండా గుడ్లు తీయడమంటే వందల పిల్లలను తెలిసి తెలిసి ఆకలికి అప్పగించడమే.

4. పిల్లల తొట్టిని ఆ సాయంత్రం సిద్ధం చేయండి.

తల్లిదండ్రుల తొట్టి నీటినే 5 మైక్రాన్ల ఫిల్టరు సంచిలో వడకట్టి పోయండి. వేడి, ఉప్పదనం, పీహెచ్ మూడూ ఒకేలా ఉంటాయి. ఆ తొట్టిలో ఏదైనా జబ్బు కనబడి ఉంటే మాత్రం ఆ నీరు వద్దు. సముద్రపు నీటికి బ్లీచింగ్ వేసి, మర్నాడు హైపోతో (సోడియం థయోసల్ఫేట్‌తో) క్లోరిన్ విరిచి, పరీక్షలో రంగు రాలేదని చూసుకున్నాకే వాడండి. ఉప్పదనం 30–34 పీపీటీ, పీహెచ్ 8 నుంచి 8.3, వేడి 27–28 డిగ్రీలు ఉండాలి. ఎండాకాలంలో మన దగ్గర సమస్య నీరు వేడెక్కడమే కాబట్టి గదిని చల్లగా ఉంచే ఏర్పాటు చూసుకోండి.

మొదట తొట్టి సగం వరకే నింపండి. తక్కువ నీరైతే మేత చిక్కగా ఉంటుంది, తర్వాత రోజూ కొంచెం కొత్త నీరు చేర్చే వీలుంటుంది.

5. పెంకును మార్చి, చీకటి చేయండి.

ప్రదర్శన తొట్టిలో దీపాలు ఆరడానికి ఒక గంట ముందు, పెంకును నీటిలోనే ఒక గిన్నెలోకి తీసి, నీటితో సహా పిల్లల తొట్టికి మార్చండి. గుడ్లు ఉన్న వైపు కిందికి వాలేలా నిలబెట్టండి. పెంకు అడుగున ఎయిర్ స్టోన్ పెట్టి, బుడగలు గుడ్లకు అతి దగ్గరగా పైకి సాగేలా చూడండి. గుడ్లన్నీ మెల్లగా ఊగుతుండాలి. ఊగకపోతే గాలి చాలదు. విరిగిపడేలా కొట్టుకుంటుంటే ఎక్కువైంది.

తర్వాత పూర్తి చీకటి కావాలి. క్లౌన్ గుడ్లు చీకటి పడ్డాక గంటా రెండు గంటల్లో పగులుతాయి. అక్వేరియంలో ఇదే చిక్కు. అత్యవసర ద్వారం పైన వెలిగే దీపం, కారిడారు వెలుతురు, కాపలాదారు టార్చి, ఏది పడినా ఆలస్యమవుతుంది. తొట్టిని దళసరి నల్లగుడ్డతో అన్ని వైపులా కప్పండి. రాత్రి సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి.

జంట ప్రదర్శనలో లేకుండా లోపలి తొట్టిలో ఉంటే టైమరు మార్చి దీపాలను సాయంత్రం 5కే ఆర్పవచ్చు. 7 గంటలకల్లా పని తేలుతుంది. అర్ధరాత్రి దాకా ఎవరూ మేలుకోనక్కర్లేదు. ఈ మార్పును గుడ్లు పెట్టకముందే, నాలుగైదు రోజుల మీద కొంచెం కొంచెంగా చేయండి.

రెండు గంటల తర్వాత మసక ఎర్రదీపంతో చూడండి. పెంకు ఖాళీ అయితే తీసేసి, గాలిని తగ్గించండి. బుడగలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత చాలు. సగం గుడ్లు మిగిలితే పెంకును అలాగే వదిలి మర్నాటి రాత్రి దాకా ఆగండి.

పెంకు తీసే వీలు లేకపోతే మరో దారి ఉంది. ప్రదర్శన తొట్టిలోనే గుడ్లు పగలనివ్వండి. చీకటి పడగానే పంపులు ఆపి, ఒక మూల నీటిమట్టానికి దగ్గరగా టార్చి వేయండి. పిల్లలు వెలుతురు వైపు గుంపుగా వస్తాయి. గిన్నెతో ముంచుకోండి. అన్నీ చిక్కవు. పంపులను మళ్లీ వేయడం మాత్రం మరవకండి.

6. మొదటి ఉదయం నుంచి ఐదో రోజు దాకా: ఇక్కడే అంతా తేలుతుంది.

పుట్టిన పిల్ల పొడవు 3–4 మి.మీ. దాని పచ్చసొన కొద్ది గంటలకే అయిపోతుంది. తెల్లవారేసరికి మేత అందాలి.

- మి.లీ.కు 5–10 రోటిఫర్లు ఉండేలా వేయండి. కల్చరు 20–25 పీపీటీలో పెరిగింది కాబట్టి ఉన్నట్టుండి ఎక్కువ ఉప్పులో పడితే రోటిఫర్లు ఈదలేక అడుగున పడతాయి. కదలని మేతను లార్వా చూడదు. అందుకే గుడ్లు పెట్టిన రోజు నుంచే కల్చరు ఉప్పదనాన్ని మెల్లగా పెంచుతూ రండి.
- తొట్టి నీటికీ ఆల్గే కలపండి. అడుగున పెట్టిన తెల్ల పింగాణీ పళ్లెం మసకగానైనా కనబడాలి. ఆ పచ్చదనం వెలుతురును మెత్తబరుస్తుంది, రోటిఫర్లకు మేత అవుతుంది.
- మొదటి రోజు వెలుతురు మసకగా ఉండాలి. రెండో రోజు నుంచి కొంచెం పెంచి, రోజుకు 14–16 గంటలు ఉంచండి. చీకట్లో పిల్లలు మేత చూడలేవు. మరీ తీవ్రమైన దీపమైతే వెలుతురు పడే గోడకు తలలు కొట్టుకుంటూ అక్కడే చస్తాయి. పిల్లలన్నీ ఒకే మూల చేరితే దీపం చోటు మార్చండి.
- రోజుకు మూడుసార్లు 1 మి.లీ. తీసి రోటిఫర్లను లెక్కపెట్టండి. కంటికి కనిపిస్తున్నాయి కదా అని వదిలేయకండి.

తింటున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? పక్కనుంచి భూతద్దంతో చూడండి. ఆకలితో ఉన్న పిల్ల కడుపు గాజులా ఉంటుంది, వెనక ఉన్నది కనిపిస్తుంది. తిన్నదాని కడుపు గుండ్రంగా, మసకగా, గోధుమ రంగులో ఉంటుంది. వేటాడే తీరూ చూడండి. పిల్ల ఒక్కసారి ఆగి, ఒంటిని వంకర తిప్పి, ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. ఉదయం పదిని చూస్తే ఏడెనిమిదింటి కడుపులు నిండి ఉండాలి. నలుగురైదుగురు కలిసి పనిచేసే చోట ఈ పరీక్ష ఎవరి బాధ్యతో ముందే తేల్చుకోండి. అందరూ మేత వేస్తారు, కడుపు ఎవరూ చూడరు.

నీటిపై జిడ్డు తెర కట్టనివ్వకండి. లార్వాలు గాలి తిత్తిని నింపుకోవడానికి పైకి వస్తాయి, ఆ తెర అడ్డుపడుతుంది. శుభ్రమైన టిష్యూ కాగితాన్ని నీటిపై పరిచి తీస్తే చాలు. మూడో రోజు నుంచి అడుగున చేరిన చెత్తను సన్నని గొట్టంతో తెల్ల బకెట్‌లోకి లాగండి. అందులో పొరపాటున వచ్చిన పిల్లలను గిన్నెతో వెనక్కి చేర్చండి. రోజుకు 10–20 శాతం కొత్త నీటిని చుక్కలు చుక్కలుగా చేర్చండి. అమోనియా రంగు కనిపించిందంటే మేత తగ్గించడం కాదు, నీరు మార్చడం ముఖ్యం. పీహెచ్ ఎక్కువున్న సముద్రపు నీటిలో అమోనియా మరింత విషం.

7. ఐదో రోజు తర్వాత ఆర్టీమియా.

లీటరు ఉప్పునీటికి 1–2 గ్రాముల గుడ్లు, 28 డిగ్రీలు, గట్టి గాలి, మంచి వెలుతురు ఉంటే 24 గంటల్లో పిల్లలు వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. ఖాళీ గుడ్డు పెంకులు పైకి తేలుతాయి, పగలని గుడ్లు అడుగుకు చేరతాయి, మధ్యలో నారింజ రంగు మేఘంలా ఉన్నవే మీకు కావలసినవి. వాటిని సైఫన్‌తో లాగి, జల్లెడలో మంచినీటితో కడగండి. పెంకులు మింగిన చేప పిల్లలకు పేగు మూసుకుపోతుంది.

మొదట కొద్దిగానే వేయండి. కడుపులు నారింజ రంగుకు తిరిగితే తింటున్నట్టు. మూడు నాలుగు రోజుల పాటు రోటిఫర్లను కూడా కొనసాగించండి. అన్ని పిల్లలూ ఒకేలా ఎదగవు, చిన్నవాటికి ఇంకా అదే మేత. ఒక్కసారిగా రోటిఫర్లు మానేసి ఆర్టీమియాకు మారడం నేను చూసిన తప్పుల్లో రెండోది. మూడో రోజే ఆర్టీమియా వేయడం మూడోది. పట్టగలిగిన పిల్లలు కూడా అరిగించుకోలేక చస్తాయి.

అప్పుడే పుట్టిన ఆర్టీమియానే వాడండి. గంటలు గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుంది, ఒళ్లు పెరుగుతుంది. మిగిలినదాన్ని పారేయకుండా, మర్నాడు డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం ఉన్న చేపనూనె ఎమల్షన్‌లో కొన్ని గంటలు ఉంచి కాస్త పెద్ద పిల్లలకు పెట్టండి. మొదటి గంటల్లో ఆర్టీమియాకు నోరు తెరుచుకోదు కాబట్టి పుట్టగానే నూనెలో ఉంచితే వృథా.

పిల్లలు బాగానే ఉండి, నీరు మార్చగానే లేదా తొట్టిని తట్టగానే గిలగిలా కొట్టుకుని చస్తున్నాయా? జబ్బు అనుకుని మందులు వేయకండి. చాలాసార్లు కారణం మేతలో డీహెచ్ఏ లేకపోవడమే.

8. పట్టీలు వచ్చే రోజులు.

ఎనిమిది నుంచి పదిహేను రోజుల మధ్య రూపం మారుతుంది. ముందు తల వెనక తెల్ల పట్టీ, తర్వాత నడుము మీదిది వస్తాయి. నీటి మధ్యలో తేలిన పిల్లలు గోడల దగ్గరికి, అడుగుకు చేరి, పెద్ద క్లౌన్‌లా ఒళ్లు ఊపుతూ ఈదుతాయి. ఈ మార్పులో కొన్ని పోతాయి. ఈ రోజుల్లో తొట్టి మార్చకండి, ఎక్కువ నీరు మార్చకండి.

అన్నీ కుదురుకున్నాక, అంటే దాదాపు ఇరవై రోజులకు, ముందే బాక్టీరియా పట్టి నడుస్తున్న స్పాంజి ఫిల్టరున్న పెద్ద తొట్టికి మార్చండి. పొడిమేతను నూరి, ఆర్టీమియాతో పాటు అలవాటు చేయండి. పెద్దవి చిన్నవాటిని తరుముతుంటే వేరు చేయండి. ఒంటిపై పాలలాంటి జిగురు కట్టి, ఊపిరి వేగంగా తీస్తుంటే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి వల్ల కావచ్చు. ఆ తొట్టి గిన్నెలు, గొట్టాలు వెంటనే వేరు చేసి, జలచరాల వైద్యం తెలిసినవారిని పిలవండి.

ఫలితం చూసుకోవడం

మొదటి విడతలో వందకు పది బతికినా మంచి ఆరంభమే అంటాను. లెక్కకంటే చావులు ఏ రోజున వచ్చాయన్నది ఎక్కువ చెబుతుంది. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య పోతే ఆకలి లేదా వెలుతురు. ఆరు, ఏడు రోజుల్లో పోతే ఆర్టీమియా తొందర. పట్టీలు వచ్చేటప్పుడు ఎక్కువ పోతే మేత నాణ్యత, లేదా నీరు. మొదటి గంటల్లోనే పోతే పెంకు మార్చడంలో దెబ్బ తగలడం, గాలి ఎక్కువవడం. ప్రతి విడతకు ఒక పేజీ పెట్టి తేదీ, వేడి, రోటిఫర్ లెక్క, కడుపుల పరీక్ష రాయండి.

నెల దాటాక మొప్పల మూతలు పూర్తిగా మూసుకున్నాయా, పట్టీలు సగంలో ఆగాయా చూడండి. పట్టీ తెగితే చేపకు హాని లేదు. మొప్ప మూత వంకర పోయినవి ఎక్కువగా ఉంటే తర్వాతి విడతలో రోటిఫర్లను మరింత బాగా మేపాలి.

ఇదంతా పెద్ద పని అనిపించినవాళ్లు బంగాయ్ కార్డినల్ చేపతో మొదలుపెట్టవచ్చు. మగది గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. బయటికి వచ్చిన పిల్ల మొదటి రోజే ఆర్టీమియా తింటుంది, రోటిఫర్ల అవసరమే ఉండదు.

పెరిగిన పిల్లలను సందర్శకులకు చూపించేటప్పుడు ఫ్లాష్ కెమెరాలకు దూరంగా ఉంచండి. ఎక్కువైతే వేరే అక్వేరియంలకు, కాలేజీలకు ఇవ్వండి. ఒకే జంట పిల్లలని రాసి ఇస్తే తీసుకున్నవాళ్లు వాటిలో వాటిని జతకట్టకుండా చూసుకుంటారు. విశాఖ తీరంలో గాని, మరెక్కడైనా గాని సముద్రంలో వదలవద్దు. అది వాటి చోటు కాదు, తొట్టిలోని జబ్బులను అక్కడికి మోసుకుపోతాయి.